పాట వెనక గడియారం: కెనడా మ్యూజిక్ వీడియోలు చూస్తూ కొన్ని పాఠాలు

మ్యూజిక్ వీడియో చరిత్ర రాసేవాళ్ళు సాధారణంగా 1981 ఆగస్టు 1న, అమెరికాలో ఎం.టీవీ మొదలైన రోజు దగ్గర కథ ఎత్తుకుంటారు. కెనడాలో ఉంటున్నవాళ్ళకి అంత ఆలస్యంగా మొదలుపెట్టాల్సిన పని లేదు. ఇంకో 32 ఏళ్ళు వెనక్కి, 1949కి వెళ్ళవచ్చు. అప్పటికి కెనడాలో టీవీ ప్రసారాలు లేవు, వీడియో అన్న మాట జనం నోట లేదు. అయినా ఆ ఏడాది ఒట్టావాలో నేషనల్ ఫిల్మ్ బోర్డు వాళ్ళు తీసిన ఎనిమిది నిమిషాల బొమ్మ ఒకటి, ఇవాళ మనం మ్యూజిక్ వీడియో అని పిలిచేదానికి ఏ రకంగానూ తీసిపోదు.

మన తెలుగు సంఘాల్లో ఇప్పుడు ఉగాదికో సంక్రాంతికో ఎవరో ఒకరు పాటకు వీడియో తీస్తూనే ఉన్నారు. చేతిలో మంచి ఫోను, ఇంట్లో ఎడిటింగు సాఫ్టువేరు, ఊరి చివర మేపుల్ చెట్లు, అన్నీ ఉన్నాయి. తీరా చూస్తే పాట సగానికి వచ్చేసరికి పెదాలు ఒకచోట, మాట ఒకచోట. ఎందుకిలా అవుతుందో అర్థం కావాలంటే మ్యూజిక్ వీడియోలు ఎన్ని రకాలో కొంచెం తెలియాలి. పుస్తకాల్లో ఈ రకాలను ప్రదర్శన, కథ, భావచిత్రం అని విడదీస్తారు. సాఫ్టువేరు వాళ్ళకి ఇంకో విభజన బాగా పనికొస్తుందని నా ఉద్దేశం: ఇందులో గడియారం ఎవరు? శబ్దమా, బొమ్మా, ఆడే మనిషా, చూసే మనిషా? మిగిలినవాళ్ళందరూ ఆ గడియారం ప్రకారం నడవాలి. రెండు గడియారాలు పెట్టుకున్న ప్రోగ్రాము ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

శబ్దమే గడియారం

నార్మన్ మెక్‌లారెన్ స్కాట్లండువాడు, 1914లో పుట్టాడు. 1941లో నేషనల్ ఫిల్మ్ బోర్డులో చేరాడు. కెమెరా లేకుండా, ఫిల్ము మీదే నేరుగా రంగులు పూసి, సూదితో గీకి బొమ్మలు తీయడం ఆయన ప్రత్యేకత. 1949లో ఎవలిన్ లాంబార్ట్‌తో కలిసి 'బిగాన్ డల్ కేర్' తీశాడు. సంగీతం ఆస్కార్ పీటర్సన్ బృందానిది. పీటర్సన్ మాంట్రియాల్ కుర్రాడు, అప్పటికి పాతికేళ్ళు కూడా లేవు.

ఈ బొమ్మలో మనుషులు లేరు, కథ లేదు. పియానో పరిగెడితే రంగులు పరిగెడతాయి. మధ్యలో సంగీతం నెమ్మదించేసరికి రంగులన్నీ పోయి నల్లటి తెర మీద తెల్లటి గీతలు రెండు మూడు సన్నగా వణుకుతూ ఉంటాయి. ఆఖర్న మళ్ళీ ఒకటే పరుగు. పని పద్ధతి చూడండి. సంగీతం ముందు రికార్డు చేశారు. ఆ తరవాతే బొమ్మ. శబ్దాన్ని ఫ్రేముల్లో కొలుచుకుని, ఎన్నో ఫ్రేములో ఏ స్వరం పడుతుందో గుర్తు పెట్టుకుని, అక్కడ గీత గీశారు.

ఆ లెక్క మనమూ చేద్దాం. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. నిమిషానికి 120 దరువులున్న పాట అయితే దరువుకి అర సెకను, అంటే సరిగ్గా 12 ఫ్రేములు. హాయి. నిమిషానికి 100 దరువులైతే దరువుకి 0.6 సెకను, అంటే 14.4 ఫ్రేములు. ఫ్రేముని ముక్కలు చేయలేం కాబట్టి 14, 14, 15 అని సర్దుకోవాలి. ఇప్పటి ఎడిటింగు సాఫ్టువేరు దరువు గుర్తులు పెట్టుకోనిస్తుంది గానీ ఈ సర్దుబాటు మాత్రం అక్కడే ఉంది. ప్రతిసారీ 14 ఫ్రేములే వేస్తూ పోతే పది దరువులకి నాలుగు ఫ్రేముల తేడా పోగవుతుంది. దూరాన్ని వరసగా కూడుకుంటూ పోకుండా, ప్రతి దరువునీ మొదటినుంచి కొలిచి దగ్గరి ఫ్రేముకి సర్దితే పోగుపడదు. అదీ కిటుకు.

మెక్‌లారెన్ ఇక్కడితో ఆగలేదు. 1971లో 'సింక్రమీ' తీశాడు. దీని సంగతి తెలిసినప్పుడు కాసేపు మాట రాదు. పాత సినిమా రీళ్ళలో శబ్దం కూడా బొమ్మే: ఫిల్ము అంచున సన్నటి పట్టీ, దాని మీద వెలుగు నీడల చారలు. ప్రొజెక్టరులో దీపం వెలుగు ఆ చారలగుండా పోయి శబ్దమవుతుంది. చారలు దగ్గరగా ఉంటే స్వరం పైకి పోతుంది, దూరంగా ఉంటే కిందికి దిగుతుంది. మెక్‌లారెన్ ఏం చేశాడంటే, వాయిద్యమూ వాద్యకారుడూ లేకుండా, చారలు గీసిన అట్టలను ఫొటో తీసి ఆ పట్టీని తనే తయారుచేశాడు. సెకనుకి 440 కంపనాల స్వరం కావాలంటే ఒక్కో ఫ్రేములో సుమారు 18 చారలు పడాలి, 440ని 24తో భాగించండి. ఆ చారలనే పెద్దవి చేసి, రంగులు వేసి, తెర మీద చూపించాడు. మనం వింటున్నదే చూస్తున్నాం, చూస్తున్నదే వింటున్నాం. ఇక్కడ గడియారం శబ్దమా బొమ్మా అన్న ప్రశ్నే లేదు. ఒకే డేటాకి రెండు రూపాలు. మీడియా ప్లేయరులో పాట పెడితే గంతులు వేసే గీతలు చూస్తాం కదా, అవి దీనికి దూరపు చుట్టాలే, కాకపోతే అవి శబ్దాన్ని విని గీసేవి. ఇది గీసి వినిపించేది.

ఇదే బోర్డులో మనదేశంవాడు, గుజరాత్‌కి చెందిన ఇషు పటేల్, 1977లో 'బీడ్ గేమ్' తీశాడు. వేలాది పూసలను ఒక్కొక్కటే జరుపుతూ, ఫ్రేము ఫ్రేముకీ ఫొటో తీసి చేసిన బొమ్మ అది. ఒక జంతువు ఇంకో జంతువుని మింగుతుంది, అది మనిషవుతుంది, మనిషి యుద్ధమవుతాడు. వెనక మాట ఒక్కటీ లేదు. జ్ఞాన్ ప్రకాశ్ ఘోష్ కూర్చిన లయవాద్యం మాత్రమే. ఆస్కార్‌కి పోటీపడింది. మృదంగం తనియావర్తనానికి వీడియో ఎలా తీయాలి అని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఇదే. ఇవన్నీ 2009 జనవరి నుంచి నేషనల్ ఫిల్మ్ బోర్డు వారి సైటులో ఉచితంగా చూసుకునే వీలు కల్పించారు.

ఆడే మనిషి

మనకి బాగా తెలిసిన రకం ఇది. శుక్రవారం సాయంత్రం దూరదర్శన్‌లో చిత్రలహరి కోసం ఎదురుచూసిన తరం మనది. ఆ అరగంట అంతా మ్యూజిక్ వీడియోలే, ఎవరూ ఆ పేరు పెట్టలేదు గానీ. పాట ముందే రికార్డయి ఉంటుంది. సెట్టులో స్పీకరులో మోగిస్తారు. నటులు పెదాలు కలుపుతారు. అదీ బిట్లు బిట్లుగా: పల్లవి రెండు లైన్లు ఇక్కడ, మిగిలిన రెండూ ఇంకో దేశంలో. శబ్దం ముక్కలు కాకుండా ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి కళ్ళు దాన్ని పట్టుకుని నడుస్తాయి, కోనసీమ నుంచి స్విట్జర్లండుకి దూకినా నొచ్చుకోవు. 2021లో కీవ్‌లో మారీన్‌స్కీ భవనం ముందు తీసిన 'నాటు నాటు' 2023లో ఆస్కార్ అందుకుందంటే ఆ విద్య వెనక ఎన్ని దశాబ్దాల అలవాటుందో ఆలోచించండి.

కెనడాలో ఈ రకం వేరే దారిన పెరిగింది. 1984 ఆగస్టు 31న టొరాంటోలో మచ్‌మ్యూజిక్ ఛానెలు మొదలైంది. దానితోపాటే వీడియోఫ్యాక్ట్ అని ఒక నిధి. ఛానెలు తన ఆదాయంలో కొంత అందులో వేయాలి, అందులోంచి కెనడా బ్యాండ్లకు వీడియో తీసుకోవడానికి డబ్బులిచ్చేవారు. తరవాత పేరు మచ్‌ఫ్యాక్ట్ అయింది, 2017లో మూతపడింది. ఇచ్చేది పెద్ద మొత్తం కాదు. నా ఉద్దేశంలో అదే మంచిదైంది. తక్కువ డబ్బుతో తీసేవాడికి పది లొకేషన్లు దొరకవు, ఒక ఆలోచన దొరకాలి. కెనడా వీడియోల్లో ఈ ఒక్క ఆలోచన పద్ధతి ఎక్కువ కనిపిస్తుంది. ఒట్టావా అమ్మాయి అలానిస్ మోరిసెట్ 1996లో 'ఐరానిక్' వీడియోలో మంచుదారిన కారు నడుపుతుంది. కారులో నలుగురుంటారు, నలుగురూ తనే. అంతే వీడియో. పెద్ద పేరు, పెద్ద డబ్బు వచ్చినవాళ్ళలో కూడా ఈ పద్ధతి పోలేదు. బ్రాంప్టన్‌లో పెరిగిన డైరెక్టర్ ఎక్స్ 2015లో డ్రేక్ చేత 'హాట్‌లైన్ బ్లింగ్' చేయించినప్పుడు ఖాళీ గదులు, మారే రంగులు, ఒక మనిషి డాన్సు తప్ప పెద్దగా ఏమీ లేవు. ఎక్కడ కత్తిరించినా చిన్న జిఫ్ బొమ్మ అయ్యేలా ఉంది కాబట్టే అది ఇంటర్నెట్ అంతా పాకింది. పంజాబీవాళ్ళు బ్రాంప్టన్‌నీ సర్రీనీ తమ పాటల్లో సొంత ఊళ్ళు చేసేసుకున్నారు. మనవాళ్ళకి సినిమా పాట నీడ మరీ చల్లగా ఉంది, బయటికి రాబుద్ధి కాదు.

ఒకే టేకులో తీసే రకం ఇంకోటుంది. కాల్గరీలో పెరిగిన ఫైస్ట్ 2007లో '1234' పాటకు కెమెరా ఆపకుండా ఒకే షాటులో, రంగురంగుల బట్టలు వేసుకున్న గుంపుతో ఆడింది. యాపిల్ వాళ్ళు ఆ ఏడాదే దాన్ని ఐపాడ్ ప్రకటనకి వాడుకున్నారు. 2012 జనవరిలో ఒంటారియో బర్లింగ్టన్ బ్యాండు వాక్ ఆఫ్ ది ఎర్త్ వాళ్ళు ఐదుగురు ఒకే గిటారు చుట్టూ నిలబడి, కదలని కెమెరా ముందు ఇంకొకరి పాట పాడారు. పది కోట్లమందికి పైగా చూశారు. ఎడిటింగు లేకపోవడమే దీనిలో ఆకర్షణ. తప్పు జరిగితే మొదటినుంచీ మళ్ళీ చేయాలని చూసేవాడికి తెలుసు, అందుకే ఊపిరి బిగబట్టి చూస్తాడు.

ఇప్పుడు పెదాల సంగతి. మనిషి కంటికీ చెవికీ మధ్య ఎంత తేడా తెలుస్తుందో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ వాళ్ళు కొలిచారు. శబ్దం బొమ్మ కన్నా 45 మిల్లీసెకన్లు ముందొస్తే పట్టేస్తాం. అదే వెనకపడితే 125 దాకా గమనించం. దూరంగా చాకలిబండ మీద బట్ట పడడం ముందు కనిపించి, చప్పుడు తరవాత వినిపించడం మనకి పుట్టినప్పటినుంచీ అలవాటే కదా. కాబట్టి అనుమానం వస్తే శబ్దాన్ని ఒక ఫ్రేము వెనక్కే జరపండి, ముందుకి వద్దు.

మరి మన ఉగాది వీడియో ఎక్కడ చెడింది? ఉత్తర అమెరికా వీడియో సెకనుకి 30 ఫ్రేములని అంటాం గానీ, అసలు సంఖ్య 29.97. కలర్ టీవీ వచ్చినప్పుడు పాత టీవీలు చెడకుండా చేసిన సర్దుబాటు అది, ఇప్పటికీ వదల్లేదు. ఒకచోట 30 అనీ ఇంకోచోట 29.97 అనీ పెడితే వెయ్యికి ఒకటి తేడా. నాలుగు నిమిషాల పాటలో చివరికి 240 మిల్లీసెకన్లు. పైన చెప్పిన హద్దులు రెండూ దాటిపోయాం! ఇండియా టీవీ పద్ధతి 25 ఫ్రేములు. 24 ఫ్రేముల సినిమాని 25లో నడిపిస్తే పాట నాలుగు శాతం వేగంగా పోతుంది, శృతి కూడా ఒక స్వరస్థానంలో ముప్పాతిక వంతు పైకి లేస్తుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న క్యాసెట్టు ఇక్కడి వీసీఆర్‌లో ఆడని రోజులు గుర్తున్నవాళ్ళకి ఈ రెండు లోకాల గొడవ కొత్త కాదు.

ఫోనుల్లో ఇంకో చిక్కు. వెలుతురు తగ్గితే చాలా ఫోనులు చెప్పాపెట్టకుండా ఫ్రేముల వేగం తగ్గిస్తాయి. ఫైలులో వేగం ఒక్కటి కాదు, క్షణక్షణానికీ మారుతుంది. ఎడిటింగుకి ముందు హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్టువేరుతో స్థిరమైన వేగానికి మార్చుకుంటే సగం తలనొప్పి పోతుంది. హాలులో తీస్తున్నప్పుడు స్పీకరు ఎక్కడుందో కూడా చూడండి. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లే పోతుంది, 17 మీటర్ల దూరంలో స్పీకరు పెడితే ఆడేవాళ్ళకి పాట 50 మిల్లీసెకన్లు ఆలస్యంగా అందుతుంది. బ్లూటూత్ స్పీకరైతే ఆలస్యం దానికదే ఎక్కువ. ఇలాంటి తేడా మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉంటుంది కాబట్టి, కెమెరా మైకులో పడిన శబ్దాన్ని ఆధారంగా పెట్టుకుని పాటని జరిపితే సరిపోతుంది. పోగుపడే తేడా వేరు, స్థిరమైన తేడా వేరు. ముందు ఏది ఏదో తేల్చుకోండి.

స్లోమోషన్‌లో నడుస్తూ కూడా పెదాలు సరిగ్గా కలిసే పాటలు చూసే ఉంటారు. కిటుకు సులువే. పాటని రెండు రెట్ల వేగంతో మోగించి, 48 ఫ్రేముల్లో తీసి, 24లో చూపిస్తారు. పోలీస్ బ్యాండు 1983లోనే ఒక పాటకి ఇలా తీసింది. మన ఫోనులో 60 ఫ్రేములు పెట్టి 24లో చూపించాలంటే పాటని రెండున్నర రెట్లు పరిగెత్తించాలి. పాడేవాళ్ళు నవ్వకుండా ఉంటే గొప్ప.

చూసే మనిషి

కెనడాలో సాఫ్టువేరు ప్రస్తావన లేకుండా బొమ్మల కథ సాగదు. రెండు ముఖ్యమైన బొమ్మలు కళాకారుడు గీస్తే మధ్యలోవి కంప్యూటరు పూరించే పద్ధతిని ఒట్టావాలోని నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో నెస్టర్ బర్ట్నిక్, మార్సెలీ వైన్ తయారుచేశారు. దానితో 1974లో 'హంగర్' అన్న బొమ్మ వచ్చింది, 1997లో వాళ్ళిద్దరికీ ఆస్కార్ సాంకేతిక పురస్కారం వచ్చింది. 1985లో డైర్ స్ట్రెయిట్స్ బ్యాండు 'మనీ ఫర్ నథింగ్' వీడియోలో పెట్టెల్లాంటి మనుషులను కంప్యూటరుతో నడిపించిన ఇయన్ పియర్సన్, గావిన్ బ్లెయిర్ కూడా తరవాత వాంకూవర్ చేరి, 1994లో 'రీబూట్' అనే పూర్తి కంప్యూటరు సీరియల్ తీశారు.

అయితే గడియారాన్ని చూసేవాడి చేతికిచ్చినవాళ్ళు మాంట్రియాల్ బ్యాండు ఆర్కేడ్ ఫైర్. 2007లో విన్సెంట్ మోరిసెట్ వాళ్ళ 'నియాన్ బైబిల్' పాటని ఫ్లాష్‌తో వెబ్‌లో పెట్టాడు. నల్లటి తెర మీద గాయకుడి మొహం, రెండు చేతులు. మౌసుతో నొక్కితే చేతులు ఏదో ఒకటి చేస్తాయి. పాట మాత్రం తన దారిన పోతుంటుంది. అదే ఇక్కడ తెలివి: చూసేవాడికి బొమ్మ మీద అధికారం ఇచ్చారు గానీ కాలం మీద ఇవ్వలేదు.

2010 ఆగస్టులో క్రిస్ మిల్క్, గూగుల్ ఉద్యోగి ఆరన్ కోబ్లిన్ కలిసి అదే బ్యాండు పాటకి 'ది వైల్డర్‌నెస్ డౌన్‌టౌన్' చేశారు. హెచ్.టి.ఎం.ఎల్. 5 అప్పటికి కొత్త. సైటు మొదట మిమ్మల్ని అడిగేది ఒక్కటే: మీరు పెరిగిన ఇంటి చిరునామా. తరవాత తెర మీద కిటికీలు ఒకదాని వెనక ఒకటి తెరుచుకుంటాయి. ఒకదానిలో ఎవరో వీధుల్లో పరిగెడుతుంటారు. ఇంకోదానిలో పిట్టల గుంపు. మరోదానిలో ఆకాశం నుంచి మీ పేట, ఆ తరవాత స్ట్రీట్ వ్యూలో మీ వీధి, మీ ఇల్లు. దాని ముందు చెట్లు మొలుచుకొస్తాయి. చిన్నప్పటి మీకు ఒక కార్డు రాయమంటుంది. కెనడా, అమెరికాల్లో పెరిగినవాళ్ళు దీన్ని చూసి కళ్ళు తుడుచుకున్నారు.

ఆ పెట్టెలో తెనాలనో తణుకనో కొట్టినవాడికి ఏమొచ్చి ఉంటుంది? ఇండియాలో అప్పటికి స్ట్రీట్ వ్యూ లేదు. 2022 జులైలో గానీ అది అధికారికంగా రాలేదు, అదీ మొదట హైదరాబాదుతో కలిపి పది నగరాల్లోనే. పైనుంచి మసకగా నాలుగు కప్పులు కనిపిస్తే అదృష్టం. ఇంటి గుర్తుకి ఎక్కువ ఏడిచేవాళ్ళం మనమే, మనకే ఇల్లు దొరకలేదు. వ్యక్తిగతం అనిపించే టెక్నాలజీ ఎవరి డేటా మీద నిలబడి ఉందో చెప్పడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ నాకు తెలియదు.

2013లో మోరిసెట్ మళ్ళీ వచ్చి 'జస్ట్ ఎ రిఫ్లెక్టర్' చేశాడు. అందులో ఫోను కదిపితే కంప్యూటరు తెర మీద వెలుగు కదులుతుంది. ఇలాంటివి మీరు రాయాలనుకుంటే ఒకే సూత్రం గుర్తుంచుకోండి: ఫ్రేములు లెక్కపెట్టవద్దు, టైమరు నమ్మవద్దు. ప్రతి ఫ్రేములోనూ ఆడియోనే అడగండి, ఇప్పుడు పాటలో ఎక్కడున్నావని. తెరలు కొన్ని సెకనుకి 60 సార్లు, కొన్ని 120 సార్లు మారతాయి. ఆడియో మాత్రం తన గతి తప్పదు. మెక్‌లారెన్ సూత్రమే, భాష మారింది.

కానీ మెక్‌లారెన్ గీసిన ఫిల్ము దీపం ముందు పెడితే ఇవాళా కనిపిస్తుంది. ఫ్లాష్‌కి అడోబీ 2020 డిసెంబరు 31తో మద్దతు ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ప్లేయరే ఆ బొమ్మలను ఆడించడం మానేసింది. ఎమ్యులేటర్లు పట్టుకుని కొందరు బతికిస్తున్నారు గానీ, 1949 బొమ్మ కన్నా 2007 బొమ్మ చూడడం కష్టమైపోయింది. బయటి సేవల మీద ఆధారపడ్డ వీడియో తీస్తే, పక్కన మామూలు రికార్డింగు ఒకటి దాచిపెట్టండి.

చదివే బొమ్మ, హక్కుల బొమ్మ

మన పాటలకి ఈమధ్య బాగా కుదిరిన రూపం లిరికల్ వీడియో. సినిమా విడుదలకి నెలల ముందే అక్షరాలతో పాట వచ్చేస్తుంది. అక్షరాలు మాత్రం ఎక్కువగా ఇంగ్లీషువే. పాత ఎడిటింగు సాఫ్టువేరుల్లో తెలుగు రాస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడేవి, అదొక సాకు. ఇప్పుడా సాకు లేదు. ప్రీమియర్ లాంటి వాటిలో టెక్స్ట్ ఇంజనుని దక్షిణాసియా భాషలకి మార్చుకుంటే 'స్త్రీ' కూడా సరిగ్గా పడుతుంది. ఇంకా మంచి పద్ధతి, సాహిత్యాన్ని బొమ్మలో అచ్చువేయకుండా యూనికోడ్ సబ్‌టైటిల్ ఫైలుగా ఇవ్వడం. తెలుగు లిపి ఒకటి, ఇంగ్లీషు లిపి ఒకటి, అర్థం ఒకటి. ఇక్కడ పుట్టిన పిల్లలు ఏది కావాలంటే అది పెట్టుకుంటారు, రేపు తప్పు దొరికితే వీడియో మళ్ళీ తీయకుండా దిద్దుకోవచ్చు.

ఇక ఎక్కించేముందు హక్కులు. కెనడా వ్యోమగామి క్రిస్ హ్యాడ్‌ఫీల్డ్ 2013 మేలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో తేలుతూ డేవిడ్ బోవీ పాట 'స్పేస్ ఆడిటీ' పాడాడు. అంతరిక్షంలో తీసిన మొదటి మ్యూజిక్ వీడియో అదే. అయితే అనుమతి ఒక్క ఏడాదికే. 2014 మేలో వీడియో తీసేయాల్సి వచ్చింది. బోవీకి ఇష్టమే, కానీ ఆ ఒక్క పాట ప్రచురణ హక్కులు ఆయన చేతిలో లేవు. కొత్త ఒప్పందం కుదిరి నవంబరులో మళ్ళీ పెట్టారు. భూమి చుట్టూ తిరుగుతూ పాడినా సంతకాలు కిందే పెట్టాలి.

కెనడా కాపీరైటు చట్టంలో 2012లో 29.21 అనే సెక్షను చేర్చారు. డబ్బు సంపాదన కోసం కాకుండా, అప్పటికే విడుదలైన పాటని వాడుకుని మీరు కొత్తగా ఏదైనా చేస్తే, మూలం పేరు చెప్పి, అసలు పాట వ్యాపారానికి దెబ్బ తగలకుండా ఉంటే, అది ఉల్లంఘన కాదని. ఉగాది వీడియోకి ఇది కొంత అండ. కాని యూట్యూబ్‌లో పాటని పోల్చి పట్టే కంటెంట్ ఐడీ ఒక ప్రోగ్రాము, అది ఒట్టావా చట్టం చదవదు. పాట హక్కుదారు పెట్టిన నియమం ప్రకారం ప్రకటనలు వేస్తుంది, లేదా వీడియో ఆపేస్తుంది. అభ్యంతరం పెట్టుకోవచ్చు, ఈ సెక్షను పేరు చెప్పి. రికార్డింగు కాకుండా మీవాళ్ళే పాడి, వాయించి తీసుకుంటే ఆడియో కంపెనీతో పేచీ తగ్గుతుంది, బాణీకి, సాహిత్యానికి హక్కులు మాత్రం అప్పుడూ వేరేవాళ్ళవే. అన్నమయ్య కీర్తన ఎంచుకుంటే సాహిత్యం గొడవ లేదు, బాణీ ఎవరు కట్టారో మాత్రం కనుక్కోండి. మనం పాడే చాలా కీర్తనల బాణీలు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవే.